ఏడు ఇళ్లకు ఒకటే ప్రకటన

"ఏమ్మా, మా ఇంట్లో ఎవురు సచ్చినారు?"

పొద్దున్నే ఫోను ఎత్తగానే వినపడిన మొదటి మాట అది. అవతల ఉన్నది ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పి. నేను నంద్యాలలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని వెబ్‌సైట్లు చేసి పెడుతుంటాను. ఆయన సైటు బాగోగులు కూడా నావే.

"ఏందన్నా అట్లంటావు?" అన్నాను.

"నా సైట్లో నువ్వే రాసినావంట. ఇంట్లో మైల, పదకొండు దినాలు పని లేదని. గుడోళ్లు చూసి ఫోన్ చేసినారు. విగ్రహం ఒద్దంటాండారు."

ల్యాప్‌టాప్ తెరిచాను. ఆయన చెక్కిన ఆంజనేయుడి ఫొటో పైన, ఎర్ర పట్టీలో, నిన్న సాయంత్రం నేను రాసిన వాక్యమే ఉంది. రాసింది ఆయన కోసం కాదు. అదే వీధిలో ఇంకో ఇంట్లో పెద్ద శిల్పి పోయాడు. ఆయన కొడుకు ఫోన్ చేసి, సైట్లో ఒక మాట పెట్టమన్నాడు. పెట్టాను. ఇప్పుడు పక్క సైటు తెరిస్తే అక్కడా అదే ఉంది. ఇంకోటి తెరిచాను. ఆ వీధిలో నేను చూసే సైట్లు ఏడు. ఏడిళ్లలోనూ చావు జరిగినట్టు రాసి పెట్టాను.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే నా పని పద్ధతి గురించి కొంచెం చెప్పుకోవాలి. ఏడు సైట్లకూ పైన ఒక పట్టీ ఉంటుంది. దాన్ని పేజీపేజీలో రాయకుండా, ఒకే ఒక్క ఫైల్లో రాసి పెట్టుకున్నాను. ప్రతి పేజీలోనూ 'ఆ ఫైలు తెచ్చి ఇక్కడ పెట్టు' అని సర్వరుకు, అంటే సైట్లుండే కంప్యూటరుకు, ఒక్క వరుసలో ఆదేశం ఉంటుంది. ఎవరైనా పేజీ తెరిస్తే సర్వరు రెండూ కలిపి పంపుతుంది. దీన్ని ఇన్‌క్లూడ్ అంటారు. పాతకాలపు పద్ధతి. ఈ పనిలో ఉన్న కుర్రకారు "ఇంకా అదేనా అక్కా వాడేది" అని నవ్వుతారు. నవ్వుకోనీ. ఒక్కచోట మారిస్తే ఏడుచోట్లా మారుతుందని నేను మురిసిపోయేదాన్ని. ఉగాది శుభాకాంక్షలు, చవితికి సెలవు, అన్నీ ఆ పట్టీలోనే పెట్టేదాన్ని. ప్రకటన అనగానే చెయ్యి అలవాటుగా ఆ ఫైలు మీదికే పోయింది.

చెయ్యి ఒక్కదాని తప్పు కాదు. మాది చర్చికి పోయే కుటుంబం. మా ఇంట్లో ఎవరైనా పోతే ప్రార్థన పెడతాం, ఏడుస్తాం, సమాధి చేసి వస్తాం. కొన్నాళ్లకు ఎవరి పనికి వాళ్లు పోతాం. మైల అనేది మాకు లేదు. అందుకే ఆ మాట రాస్తున్నప్పుడు అది నాకు సెలవు ప్రకటనలాగే అనిపించింది. అది ఒక ఇంటి చేతులు కట్టేసే మాట అని నాకు తట్టలేదు.

ఫైల్లోంచి ఆ వాక్యం మొత్తం తీసేశాను. ఒక్క నిమిషం పని. ఏడు సైట్లూ శుభ్రమయ్యాయి. "తీసేసినా అన్నా" అని ఫోన్లో చెప్పాను.

"నువ్వు తీసేస్తే పోతాదా? వాళ్లు ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టుకున్నారు."

ఆంజనేయుడి గుడి ఉన్న ఆ ఊరు పగిడ్యాల వైపు ఒక పల్లె. విగ్రహమంతా చెక్కడం అయిపోయింది, కళ్లు తప్ప. కళ్లలో ఆఖరి గీత గుడి దగ్గరే, ప్రతిష్ఠ రోజున, చెక్కిన శిల్పే పెట్టాలి. మైల ఉన్న ఇంటి చెయ్యి ఆ పనికి పనికిరాదు. ప్రతిష్ఠ నాలుగు రోజుల్లో ఉంది. ఇదంతా ఆయన కోపంగా చెప్పి ఉంటే నాకు నయంగా ఉండేది. మామూలుగా చెప్పాడు. ఏడాది నుంచి ఆ ఒక్క రాయి మీదే ఉన్నాడని నాకు తెలుసు.

చేతికందిన చీర కట్టుకుని బస్టాండుకు పరుగెత్తాను. ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో ఆ ఏడు సైట్లనూ తెరవడం, మూయడం. మళ్లీ తెరవడం. సిరివెళ్ల దాటేదాకా అదే పని. వాక్యం పోయిందని తెలుసు. అయినా ఎక్కడో ఉండిపోయిందేమోనని భయం. పక్కనామె "ఎవురికన్నా బాగలేదా పాపా?" అని అడిగింది. లేదన్నాను. నిజానికి నాకే బాగలేదు.

నేను చేరేసరికి శిల్పి కార్ఖానా ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. గుడి పెద్దమనిషికి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. తప్పు నాదేనని, ఫైలు సంగతి, పట్టీ సంగతి గడగడా చెప్పేశాను.

"నువ్వు ఆయనకు ఏమవుతావు?" అన్నాడాయన.

"ఏమీ కానండీ. వెబ్‌సైటు చేసేదాన్ని."

"దుడ్లిచ్చి చెప్పిస్తాండారేమో. మేమే వచ్చి చూస్తాం."

మధ్యాహ్నానికి జీపులో ముగ్గురు దిగారు. నీళ్లిస్తే తాగలేదు. శిల్పి లోపలికి కేకేసి ఇంట్లో అందర్నీ వసారాలోకి రమ్మన్నాడు. భార్య వచ్చింది. ఇద్దరు కొడుకులు, కోడళ్లు వచ్చారు. చూపు సరిగా ఆనని వాళ్లమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. "ఎవురొచ్చినార్రా?" అని ఆమె అడుగుతోంది. బతికి ఉన్నామని చూపించుకోవడానికి ఒక కుటుంబం నిలబడి ఉంది. పెద్దమనిషి ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. సిగ్గుతో నాకు భూమిలోకి పోవాలనిపించింది.

"ఆ చావింటోళ్లు మీకు దాయాదులా?" అని అడిగాడు చివరికి.

"దాయాదులం కాదు. వియ్యంకులం కాదు. వీధి ఒగటే."

పెద్దమనిషి లేచి పోయి పక్కిళ్లలో విచారించి వచ్చాడు. వచ్చి, నీళ్ల చెంబు అందుకుని తాగాడు. "తయారుగా ఉండప్పా. రేపు లారీ వస్తాది" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. శిల్పి నా వైపు చూడకుండా, "అన్నం తిని పో" అన్నాడు. తిన్నాను. ఏం తిన్నానో గుర్తు లేదు. తేలికపడ్డానని మాత్రం గుర్తుంది.

బస్టాండుకు అదే వీధిలోంచి నడిచాను. చావింటి ముందు షామియానా ఇంకా ఉంది. నాకు ఫోన్ చేసిన కొడుకు అరుగు మీద కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. చేతిలో ఉన్నది వాళ్ల నాయన ఫోను. సైట్లో నేను పెట్టింది ఆ నంబరే. "మా నాయన లేడప్పా. మొన్న పోయినాడు" అంటున్నాడు. పెట్టేసి నన్ను చూశాడు.

"సైట్లో నువ్వు రాసింది లేదేమ్మా?"

అప్పుడు తెలిసింది. పొద్దున భయంలో మొత్తం వాక్యం తీసేశాను. ఆరిళ్లలో జరగని చావుతో పాటు ఈ ఇంట్లో జరిగిన చావునూ తుడిచేశాను. ఆ వాక్యాన్ని ఈ ఒక్క సైట్లో మళ్లీ పెట్టాలని, బస్సులో అంతసేపు తెరిచి చూసినా తోచలేదు.

"పొద్దుట్నుంచి అందరూ నాయన్ను పిలువు అంటాండారు. అందరికీ చెప్తాండా. నోటితో చెప్పలేకనే కదమ్మా నిన్ను రాయమనింది" అన్నాడు.

ఫోను మళ్లీ మోగింది. ఆయన దాని వైపు చూస్తూ కూర్చున్నాడు గాని ఎత్తలేదు. నేను చెయ్యి చాపాను. ఇచ్చాడు.

అవతల ఎవరో నంది విగ్రహం కావాలని, పెద్దాయన ఉన్నాడా అని అడిగారు. నిన్న సాయంత్రం నేను అర నిమిషంలో రాసిన మాటే చెప్పాలి. రెండుసార్లు నోరు తెరిచాను. మూడోసారికి గాని మాట రాలేదు.