అమీబా సాక్ష్యం

ఈ రోజు నెల్లికుదురు బడిలో మైక్రోస్కోపు కింద కుంట నీటిచుక్క పెట్టి పిల్లలకు అమీబాను చూపిస్తున్నాను. ఆ కుంటలో పెద్దకొడుకుగా ఎక్కువ వాటా కావాలనే పటేలు, సగానికి తగ్గనని పోట్లాడే ఆయన తమ్ముడు, తమ నీళ్లను నేనేం చేస్తున్నానో చూద్దామని వచ్చారు. పటేలు కన్ను ఆనించేసరికి అమీబా రెండుగా విడిపోతోంది.

"గీ రెండిట్ల పెద్దోడెవడు సారూ?"

"పెద్దోడు లేడు పటేలా. నడిమిట్ల కేంద్రకం సుత చెరిసగమే."

"మరి బాపేడి?"

"బాపే రెండు ముక్కలైండు."

తమ్ముడు ఎగిరి గంతేశాడు. "ఇన్నవా అన్నా! మన కుంటల పురుగుకున్న న్యాయం నీకు లేదు!"

రేపటి పంచాయితీకి అమీబాను సాక్ష్యం తెమ్మని నాకే చెప్పి పోయాడు. తెల్లారేసరికి ఆ ఒక్క సాక్షి చీలి చీలి ఊరంత మంది అవుతాడు. వాళ్లలో అసలువాణ్ని ఎట్లా పట్టుకోవాలో తెలిసినవాళ్లు పొద్దున్నలోపు చెప్పండి.