సగం కొరికిన మామిడికాయ

మా చిన్నప్పుడు... "నువ్వే పోయి ఒప్పుకోరా. నేను పక్కనే ఉంటా" అని మా నాన్న నా తల మీద చెయ్యి వేసి మాట ఇచ్చాడు. నాకు తొమ్మిదేళ్లు.

మాది అడవి అంచున ఉన్న కోంటా. నాన్న ఉప్పు, బెల్లం అమ్మేవాడు, అడవి నుంచి దొరలోళ్లు అనే గిరిజనులు తెచ్చే చింతపండు కొనేవాడు. వాళ్ల ఊళ్లలో మామిడి పండుగ అయ్యేదాకా ఎవరూ కాయ ముట్టరు. ముడితే ఊరికి కీడు. వాళ్ల మధ్య బతికే మాకూ అదే కట్టు.

నేను ముట్టాను... రాలిన కాయ, జేబులో ఉప్పు. సగం కొరికానో లేదో, ఊరి పెద్ద పటేల్ గారి ఎద్దు పడిపోయిందని ఊరంతా కేక. ఎవడు తిన్నాడని వెతుకుతున్నారు. భయపడి నాన్నకు చెప్పాను. అప్పుడే ఆ మాట ఇచ్చాడు.

కొరికిన కాయ చేత పట్టుకుని ఊరి ముందు నిలబడ్డాను. పక్కకు చూశాను... నాన్న లేడు. ఎదురుగా, వాళ్లలో ఒకడిగా నిలబడి ఉన్నాడు.

పటేల్ మంచివాడు. "పిల్లగాడు తెల్వక తిన్నడు. దేవతకు ఒక కోడిని పెట్టు సావుకారి, అయిపోతది" అన్నాడు.

"కోడితో ఎట్ల పోతది పటేల్? నా కొడుకైనా కట్టు కట్టే. సంతల నిలబెడ్త" అన్నాడు నాన్న.

సంత రోజుకి ఎద్దు లేచి మేస్తోంది. అయినా నిలబెట్టాడు. ఆ సగం కాయనే మోదుగు నారతో కట్టి నా మెడలో వేశాడు... పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా, మా దుకాణం ముందే.

గంప దించిన ముసలమ్మ ఒకామె నన్ను ఎగాదిగా చూసింది. "ఏంది పిల్లగా, మీ అంగట్ల బెల్లం లేదా నాకనీకి?"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు.

"సావుకారి మనోడే" అనుకుంటూ వాళ్లంతా చింతపండు గంపలు మా దుకాణంలోనే దించారు. ఆ రోజు తక్కెడకు తీరిక లేదు.

ఆ తర్వాత నేను ఏ తప్పూ ఒప్పుకోలేదు... ఎవరి దగ్గరా. ఉద్యోగంలో నేను పోగొట్టిన కాగితానికి ఒక బంట్రోతును ఉసూరు అనే మారుమూల అడవి ఊరికి బదిలీ చేశారు. చంటిపిల్లతో లారీ ఎక్కుతుంటే కిటికీలోంచి చూశాను.

నా భార్య అడిగింది, "ఒక్కసారి నాదే తప్పు అనండి, చాలు" అని. అనలేదు. ఆమె భద్రాచలం, పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఇప్పుడు ఇంటినిండా పుస్తకాలే. తప్పు ఒప్పుకుని గొప్పవాళ్లయిన మనుషుల కథలు వాటిలో ఎన్నో... చదివినప్పుడల్లా, వీళ్ల నాన్నలు ఎలాంటివాళ్లో అనుకుంటాను.

ఈమధ్య కోంటా వెళ్లాను. పండుగ ఇంకా కాలేదు, సంతలో పెట్టెల కొద్దీ బయటి మామిడిపండ్లు. పిల్లలు రసం కారేలా తింటున్నారు. ఎవరూ ఏమీ అనడం లేదు. నన్ను గుర్తుపట్టినవాళ్లూ లేరు.

మిమ్మల్నీ ఎవరైనా అలా నలుగురిలో నిలబెట్టి ఉంటే, కింద రాయండి. వాళ్ల పేరు కూడా రాయండి, చనిపోయినవాళ్లైనా దాచకండి. పటేల్ మీద నాకు కోపం లేదు, నవ్విన ముసలమ్మ మీదా లేదు.

చింతపండు సావుకారి వెంకటరత్నం... మా నాన్న.