ఆల్ఫ్‌హిల్డ్ చదివిన అరుగుదల

ఆల్ఫ్‌హిల్డ్ నోర్లింగ్ తండ్రి బూట్లు కుట్టేవాడు. దుకాణంలోకి వచ్చిన మనిషి మొహం చూడడానికి ముందే బూటు తిరగేసి, అడుగు ఏ పక్క అరిగిందో చూసి, "కుడి మోకాలు ఎప్పటినుంచి నొప్పి?" అని అడిగేవాడట. ఆ విద్యను ఆయన కూతురికి కూర్చోబెట్టి నేర్పలేదు. మనుషులు దాచుకున్నదాన్ని వాళ్లు వాడిన వస్తువు దాచదు అన్న ఒక్క సంగతి మాత్రం ఆమె ఆ దుకాణం నుంచి తెచ్చుకుంది.

ఇరవై ఆరో ఏట ఆమె బెర్గ్‌ఫోర్స్ ఆయుధ కర్మాగారపు పరీక్షా మైదానంలో, ఉడుపుల గదిలో చేరింది. మైదానం ఊరికి ఉత్తరాన, చిత్తడి నేల అంచున ఉండేది. ఉడుపుల గది అంటే ఒక బల్ల, ఒక ఇనప పొయ్యి, గోడ పొడవునా పన్నెండు కొక్కేలు. కొక్కేనికొక అంకె, అంకెకొక బూడిదరంగు ఉన్ని కోటు. పన్నెండు మంది పరీక్షకులు పొద్దున కోటు తొడుక్కుని వెళ్లి సాయంత్రం తిరిగి ఇచ్చేవారు. శుక్రవారం ఆమె అన్నిటినీ లోపలికి తిప్పి, దులిపి, చిరుగులు కుట్టేది. ముప్పై నాలుగేళ్లు ఆ పనే చేసింది. ఆమె గురించి కర్మాగారపు చరిత్ర పుస్తకంలో ఒక్క వాక్యం కూడా లేదు.

1957 చలికాలంలో ఆ మైదానంలో పరీక్షకు వచ్చింది ట్యాంకులను కొట్టే భుజం గొట్టం. కాలిబంటు చేతిలోని మామూలు తుపాకీ ట్యాంకు ఉక్కును ఏమీ చేయలేదు. ఉక్కును చీల్చగల గుండుకు ఫిరంగి కావాలి. ఫిరంగి వెనక్కి తన్నే తన్నుకు మనిషి ఎముక నిలవదు. ఈ చిక్కుకు ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం వినడానికి సులువు: గొట్టం వెనక వైపు కూడా తెరిచి ఉంచారు. గుండు ముందుకు పోతుంటే మంట వెనక్కి పోతుంది. రెండు వైపుల నెట్టుడూ ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి. అలా తన్ను పోయింది. కానీ బరువు మిగిలింది. ఆ బరువును మంచులో గంటల తరబడి ఒక మనిషి భుజం మొయ్యాలి, మోస్తూనే గురి చూడాలి. మంట వేగానికి లెక్క ఉంది గానీ భుజం వంపుకు లెక్క లేదు. అందుకని గొట్టానికీ భుజానికీ మధ్య ఉండే దిమ్మ మాత్రం లెక్కల గదిలో పుట్టలేదు, నమూనా వడ్రంగి బల్ల మీద పుట్టింది.

ఆ నమూనా వడ్రంగి తూరె నోర్లింగ్, ఆల్ఫ్‌హిల్డ్ భర్త.

తూరె పద్నాలుగో ఏట నుంచి బర్చి చెక్క పలకలు కుడి భుజం మీద మోసినవాడు. మాట తక్కువ. గొట్టం డ్రాయింగు ఇచ్చి, "భుజం దగ్గర మీరే చూసుకోండి నోర్లింగ్" అన్నారు ఇంజనీరు సాండెల్. తూరె చెక్క దిమ్మకు సుద్ద రాసి, తన భుజానికి ఒత్తి, సుద్ద అంటిన చోటల్లా చెక్కుతూ పోయాడు. ఏడో దిమ్మ కుదిరింది. సాండెల్ దాన్ని ఎత్తి భుజాన పెట్టుకుని, "ఇది ఉన్నట్టే లేదే!" అన్నారు. సాండెల్ కుర్రతనంలో పడవ పందేల మనిషి, గుమ్మం నిండే భుజాలు. ఆ రోజు తూరె ఇంటికి వచ్చి ఏమీ చెప్పలేదు. ఆరో దిమ్మను మాత్రం తెచ్చి వంటింటి కిటికీలో పూలకుండీ పక్కన పెట్టాడు. మా ఊళ్లో ఇంతకు మించి ఎవరూ గొప్ప చెప్పుకోరు.

పరీక్షలు జనవరిలో మొదలయ్యాయి. ప్రతి పరీక్షకుడూ రోజు చివర ఒక ఫారం నింపాలి. అందులో ఒక గడి: "భుజం దగ్గర ఇబ్బంది." ఆ చలికాలపు ఫారాలు నూట తొంభై నాలుగు ఇప్పటికీ కట్టలు కట్టి ఉన్నాయి, అన్నీ చూశాను. ఆ గడిలో నూట తొంభై నాలుగు సార్లూ ఒకే మాట: "చెప్పుకోదగ్గది లేదు." గుండ్లు మాత్రం అంచనా కంటే కాస్త కుడికి పడుతున్నాయి. చిత్తడి మీద నుంచి వచ్చే గాలి వల్ల అని నివేదికలో రాసుకున్నారు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పరీక్షకులు కోట్లు అప్పగించడానికి బల్ల ముందు నిలబడ్డారు. ఎవర్ట్ అనే సన్నటి మనిషి, చేపలవాళ్ల ఇంటివాడు, తల ఎడమకు వాల్చి ఉన్నాడు.

"ఏంటి ఎవర్ట్, మెడ అలా పెట్టావు? చిత్తడిలో కొంగలతో స్నేహం కుదిరిందా?" అంది ఆల్ఫ్‌హిల్డ్.

"నిద్రలో పట్టేసిందక్కా."

"నిద్ర కాదు, వాళ్లావిడ పడుకునేది ఆ పక్క. వినీ వినీ అటే వాలిపోయాడు," అన్నాడు వెనక నుంచి యింగ్వె. అడవిలో దుంగలు మోసి వచ్చిన మనిషి అతను.

"నీకేంటి, ఎద్దువి. కాడి పెట్టినా పాటలు పాడతావు," అన్నాడు ఎవర్ట్.

అందరూ నవ్వారు. నవ్వుతున్నవాళ్లలో ఇంకో ఇద్దరి తలలు కూడా ఎడమకే వాలి ఉండడం ఆల్ఫ్‌హిల్డ్ చూసింది.

ఆ శుక్రవారం ఆమె కోట్లను ఎప్పటిలా ఒక్కొక్కటిగా కుట్టలేదు. పన్నెండింటినీ లోపలికి తిప్పి బల్ల మీద వరసగా పరిచింది. దిమ్మ ఆనవలసింది భుజం మధ్యలో. పదకొండు కోట్లకు ఉన్ని అరిగింది అక్కడ కాదు, మెడ పక్కన. అంటే పదకొండు మందీ గొట్టాన్ని లోపలికి జరుపుకుంటున్నారు. అలా జరిపితే, తల ఎడమకు వాల్చితే గాని కన్ను గురి అద్దానికి ఆనదు; వాల్చి చూస్తే గుండు కుడికి పోతుంది. ఎవర్ట్ కోటు తొమ్మిదో నంబరు. దాని లోపల ఇంకొకటి దొరికింది: మడిచి కుట్టిన ఉన్ని మేజోడు.

సోమవారం అతను వచ్చేసరికి ఆమె కోటు ఎత్తి పట్టుకుంది.

"ఈ కుట్టు ఎవరిది? నాది కాదు. వల అల్లే కుట్టు ఇది."

ఎవర్ట్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అక్కా, ఎవరికీ చెప్పకు."

"ఎముక మీద గుచ్చుకుంటోందా?"

"దిమ్మ అంచు. భుజం చివర ఎముక మీద. వారం అయ్యేసరికి చెయ్యి పైకి లేవట్లేదు."

"మరి ఫారంలో రాయలేదేం?"

"ఎలా రాస్తాను? మిగతా పదకొండు మందీ ఏమీ రాయలేదుగా. నేనొక్కణ్ణే రాస్తే, నా భుజమే పనికిరాదంటారు. రేపటి నుంచి గుమ్మానికి అవతల ఉంటాను."

"మిగతావాళ్లకి ఏమీ లేదని నీకెవరు చెప్పారు?"

"వాళ్లే. రోజూ రాస్తున్నారుగా."

ఈ సంగతి మాకు చెప్పేటప్పుడు ఆల్ఫ్‌హిల్డ్ ప్రతిసారీ ఇక్కడికి వచ్చాక వేళ్లు మడిచి లెక్కపెట్టేది. పదకొండు మంది పక్కపక్కనే నిలబడి, ఒకే చోట నొప్పి పడుతూ, ఎవరికి వారు తామొక్కరే బలహీనులమనుకున్నారు. ఫిర్యాదు చేయకపోవడం మర్యాద అని పెరిగిన ఊళ్లో ఒకరి మౌనం మరొకరికి సాక్ష్యం అయింది. అన్ని కోట్ల లోపలి వైపూ చూసే మనిషి ఆ మైదానంలో ఆమె ఒక్కతే.

ఆమెను తొలిచింది మాత్రం పన్నెండో కోటు. నాలుగో నంబరు, యింగ్వెది. దానికి మెడ దగ్గర అరుగుదల లేదు. ఉండవలసిన చోటే, భుజం మధ్యలో, నున్నగా అరిగింది. అలాంటి అరుగుదల ఆమెకు బాగా తెలుసు. తొమ్మిదేళ్లుగా తూరె పని చొక్కాలకు సరిగ్గా అక్కడే అతుకు వేస్తోంది. దుంగలు మోసినవాడికీ పలకలు మోసినవాడికీ కుడి భుజం మీద ఒకే రకపు కండ కట్టింది. ఆ కండ మీద దిమ్మ హాయిగా కూర్చుంటుంది. కండ లేనివాడికి ఆ వంపులో ఖాళీ మిగులుతుంది, బరువంతా అంచు మీదకు వస్తుంది.

తప్పు దిమ్మది కాదు. చెక్కినవాడు దాన్ని తన శరీరానికి కొలిచాడు.

ఆమె ఈ మాట రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఎవర్ట్ కోటులో మేజోడు తీసి, దాని స్థానంలో తానే దళసరి ఫెల్టు గుడ్డ కుట్టింది. మిగతా పది కోట్లకూ అలాగే కుట్టింది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇంట్లో రోజూ కిటికీలో ఆ చెక్క దిమ్మ కనిపించేది. తూరె దాని మీద దుమ్ము తుడవడం ఒకసారి చూసింది. ఇంట్లో దుమ్ము తుడవడం అతనికి అలవాటు లేదు.

ఏప్రిల్ మూడో గురువారం డ్రాయింగు మీద సంతకాలు జరుగుతాయని తెలిసింది. ఆ తర్వాత ఉక్కు అచ్చులు పోస్తారు. అచ్చు పోశాక ఆ వంపు వేల గొట్టాలకు వెళుతుంది. ఆ గొట్టాలు, ఎదురుగా నిజంగా ట్యాంకు వస్తున్నప్పుడు, తల వాల్చుకుని గురి తప్పే కుర్రాళ్ల భుజాల మీదకు వెళతాయి. చెబితే తూరెకు జీవితంలో దక్కిన ఒక్క మెప్పూ పోతుంది. అదీ సొంత పెళ్లాం నోటి మాటతో పోతుంది.

మంగళవారం మధ్యాహ్నం, అందరూ భోజనానికి వెళ్లిన వేళ, ఆమె కోట్లను తోపుడు బండిలో వేసుకుని నమూనాల షెడ్డుకు వెళ్లింది. తూరె ఒక్కడే బల్ల దగ్గర రొట్టె తింటున్నాడు.

"ఇవన్నీ ఇక్కడికెందుకు?"

"చూడు. నేనేమీ చెప్పను."

కోట్లు వరసగా పరిచింది. ఫెల్టు విప్పింది. నాలుగో నంబరు కోటు చివర పెట్టి, దాని పక్కన అతని పని చొక్కా ఒకటి పరిచింది. తూరె రొట్టె కింద పెట్టాడు. ఒక్కొక్క అరుగుదల మీద బొటనవేలు పెట్టి చూశాడు. చొక్కా దగ్గర ఆగిపోయాడు.

"ఎవరెవరికి తెలుసు?" అన్నాడు.

"నాకు. ఇప్పుడు నీకు."

"సాండెల్‌కి?"

"చెప్పలేదు. చెప్పను కూడా. నీ బల్ల, నీ పని."

"తీసుకెళ్లు వీటిని," అన్నాడు. ఆమె మడిచి బండిలో వేస్తుంటే, "అక్కర్లేదు, ఉండనీ," అన్నాడు. ఆ సాయంత్రం గేటు దగ్గర సైకిలుతో ఆమె కోసం ఎప్పటిలా ఆగలేదు.

గురువారం, ఆ వారపు ఆనవాయితీ ప్రకారం పెట్టే బఠానీ సూపు, అట్లు తినడం అయ్యాక షెడ్డులోనే సమావేశం. చెక్క నమూనా ముక్కాలి పీటల మీద ఉంది. ఆల్ఫ్‌హిల్డ్‌ను కాఫీ పట్టుకు రమ్మన్నారు. సాండెల్ కలం మూత తీశారు.

"సంతకం ఆపాలి," అన్నాడు తూరె.

"ఏమైంది నోర్లింగ్?"

"మీరు దీన్ని దిమ్మ అనుకుంటున్నారు, ఇంజనీరు గారూ. ఇది నా భుజం బొమ్మ."

ఎవరికీ అర్థం కాలేదు. తూరె మొహం చెవుల దాకా ఎర్రబడింది. వేసవిలో సరస్సు దగ్గర కూడా బనీను విప్పని మనిషి, అక్కడ ఏడుగురి ముందు చొక్కా గుండీలు విప్పి కుడి భుజం బయట పెట్టాడు. గట్టిపడిన కండ అరచేతి మందాన లేచి ఉంది. తర్వాత బల్ల కింద నుంచి కోట్లు తీసి పరిచాడు.

సాండెల్ కోట్ల మీదకు వంగి చూశారు. "మరి ఫారాల్లో ఎవరూ..." అని మొదలుపెట్టి ఆపేశారు. తర్వాత తన భుజం తానే తడుముకున్నారు. "నాకూ సరిపోయింది కదా," అన్నారు మెల్లగా. "అదీ పొరపాటే అయింది. ఇది ఎవరు పట్టారు?"

తూరె కాఫీ గిన్నె వైపు చూశాడు, దాన్ని పట్టుకున్న మనిషి వైపు చూడలేదు. "ఉడుపుల గది," అన్నాడు.

"ఎన్నాళ్లు కావాలి?"

"అందరి భుజాలూ కొలవాలి. కొలిచి, సగటు తీయకూడదు. సగటు భుజం ఎవరికీ ఉండదు. దిమ్మ ముందుకీ వెనక్కీ జరిగేలా చెయ్యాలి."

సాండెల్ కలం మూత మళ్లీ పెట్టేశారు.

ఆ సాయంత్రం కూడా తూరె గేటు దగ్గర ఆగలేదు. శుక్రవారం, శని, ఆదివారాలు ఇంట్లో ఉప్పు అందుకోవడానికి తప్ప మాట లేదు. అతనికి కోపమా, సిగ్గా, ఆమెకు తెలియలేదు. తెలుసుకోవడానికి తిరగేసి చూసే వస్తువు ఏదీ ఆమె చేతిలో లేదు.

సోమవారం పొద్దున, పరీక్షకులు ఇంకా రాకముందు, తూరె ఉడుపుల గది బల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు. చేతిలో మెత్తటి సీసపు పట్టీ ఉంది; ఏ వంపు మీద ఒత్తితే ఆ వంపు పట్టుకుంటుంది.

"ఒక భుజం కావాలి," అన్నాడు.

"ఎవర్ట్ ఇంకో పావుగంటలో వస్తాడు."

"ముందు నీది."

"నేను గొట్టం మొయ్యనుగా."

"అందుకే. ఏమీ మొయ్యని భుజం ఎలా ఉంటుందో చూడాలి."

"ఏమీ మొయ్యనా?" అంది ఆమె. కానీ వెనక్కి తిరిగి, పై గుండీ తీసి, మెడ మీద జుట్టు పక్కకు తొలగించింది. సీసం మంచులా తగిలింది.

"అబ్బా, పొయ్యి మీద పెట్టి తేలేవా?"

"కరిగిపోతుంది." అతను పట్టీని మెడ నుంచి భుజం చివర దాకా వేళ్లతో ఒత్తుతూ వెళ్లాడు. సగం దారిలో అడిగాడు: "ఎప్పుడు చూశావు?"

"ఫిబ్రవరిలో."

"ఏప్రిల్ దాకా ఆగావా?"

"ఆగాను."

అతని వేళ్లు ఒక క్షణం ఆగి, మళ్లీ నడిచాయి.

"కదలకు," అన్నాడు తూరె. "వంపు పాడైపోతుంది."