మడవ మూసిన రోజు

నేను చదివింది అయిదో తరగతి. మిగతా చదువంతా వ్యవసాయశాఖ వాళ్లు పంచిన కరపత్రాల్లోనూ, పురుగుమందు డబ్బాల మీదా చదివిందే. అందుకేనేమో, మా రామచంద్రపురం వైపు ఏ అధికారి వచ్చి ఏం చెప్పి వెళ్లాడో నాకు గుర్తుంటుంది. చెప్పినవాళ్లకే గుర్తుండదు. సైకిలు మీద వచ్చినాయన యూరియా వెయ్యకపోతే పంటే రాదన్నాడు. జీపులో వచ్చినాయన ఎందుకంత వేశారని మమ్మల్నే కేకలేశాడు. చేలో నీళ్లు నిలబెట్టమన్నారు, తర్వాత తీసెయ్యమన్నారు. ఇన్నిసార్లు మాట మార్చినవాళ్లలో ఒక్కడైనా, "మేం చెప్పింది తప్పండి" అనలేదు. ఆ మంట నాకు ఇప్పటికీ చల్లారలేదు.

కిందటి వానాకాలం సార్వా పంటలో మా ఊరి వ్యవసాయ సహాయకురాలు నా చేనికి దిగువనున్న అరెకరం చూడడానికి వచ్చింది. నా మనవరాలి వయసు పిల్ల. ఆ అరెకరం కౌలుకు చేస్తున్నతనికి వేరే ఆధారం లేదు. ఇంట్లో అయిదుగురికీ ఏడాది తిండిగింజలు అందులోంచే రావాలి. అప్పటికే నాలుగు చోట్ల బండిచక్రమంత మేర సుడులు పడి చేను మాడిపోయింది. ఆ అమ్మాయి వంగి ఒక దుబ్బును చేత్తో తట్టింది. తవుడు రాలినట్టు, పైరు రసం పీల్చే సుడిదోమ నీళ్ల మీద రాలింది.

"వారం కిందట ఏం చెప్పానండి? నీళ్లు తీసేసి చేను ఆరగట్టమన్నాను కదా. దుబ్బు మొదట్లో తడి ఉంటే దోమ పోదండి. ఇలాగే ఉంచితే చేనంతా మాడిపోద్ది."

"ఆయ్," అన్నాడతను.

"ఆయ్ ఏంటండి, నీళ్లు అలాగే ఉంటే!"

నాకు ఒళ్లు మండింది. జన్మలో ఏ అధికారి పక్షానా నిలబడని నేను ఆ రోజు నిలబడ్డాను. "చదువుకున్న పిల్ల ఎండనపడి వచ్చి చెబితే లెక్కలేదా? కాస్త గట్టు తెగ్గొట్టి నీళ్లు వదలడానికి బద్ధకమేంటయ్యా నీకు?"

"ఆయ్, తప్పేనండి," అని తల వంచుకున్నాడు.

ఆ అమ్మాయి మా గొడవ వినడం లేదు. ప్యాంటు పైకి మడుచుకుని గట్టు వెంట నడిచింది. కింది గట్టు తెగ్గొట్టే ఉంది, నీళ్లు పోతూనే ఉన్నాయి. అక్కణ్నుంచి తిరిగి పైకి వచ్చి ఆగిపోయింది. కింద పోయినంతా పైగట్టుకు నీళ్లు దిగేందుకు కొట్టిన మడవలోంచి వచ్చి చేరుతోంది.

"ఈ పై చేను ఎవరిదండి?"

"నాదేనమ్మా," అన్నాను.

"మరి మూయొచ్చు కదండీ తాతగారూ!"

మూయడమా! కాలువ నీళ్లు తెచ్చే బోదె నా చేనితోనే ఆఖరు. దిగువ చేనికి నీళ్లు నా చేను మీదుగానే వెళ్లాలి. ఎండాకాలం దాళ్వా పంటలో నీళ్లు చాలక అన్నదమ్ములు పారలు పట్టుకుని కొట్టుకున్న రోజులు చూశాను. కిందివాడి మడవ మూసినవాడికి పుట్టగతులుండవనేవాడు మా నాన్న. ఎంత ఎద్దడిలోనూ నేను దాన్ని మూయలేదు. నలుగురిలో చెప్పుకునేవాణ్ని కూడా.

"నాతో ఒక్క మాట అనొచ్చు కదయ్యా," అన్నాను.

"ఎలా అనమంటారండి? దాళ్వాలో నీళ్లు వదలండి బాబూ అని మీ గుమ్మంలో నిలబడేది నేనే కదండి. ఇప్పుడు వద్దని చెప్పి, రేపు ఏ మొహం పెట్టుకుని అడగనండి?"

ఆ అమ్మాయి మడవ వైపు చూసి, "తప్పు నాదండి. నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో మొదటి రోజే చూడాల్సింది," అంది.

ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన మాట అది. తీరా విన్నాక సంతోషం కలగలేదు. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. ఆ పిల్ల చెప్పిన సలహాలో తప్పు లేదు. మా నాన్న మాట అబద్ధం కాదు. అతని భయమూ న్యాయమే. మరి చేను ఎందుకు మాడుతున్నట్టు?

పార తీసుకుని నా చేను అవతలి గట్టు తెగ్గొట్టి మిగులు నీళ్లు మురుగు కాలువలోకి మళ్లించాను. తర్వాత మడవలో బురద వేసి తొక్కాను. "నాకివ్వండి," అని అతను చెయ్యి చాపినా పార ఇవ్వలేదు. నీళ్లు ఆగిపోయాక అతను మెల్లగా అడిగాడు:

"మళ్లీ ఎప్పుడు తీస్తారండి?"

"ఆరాక నేను చూసి చెప్తానండి," అందా అమ్మాయి. అతను ఆవిడ వైపు చూడలేదు, నా వైపే చూస్తున్నాడు.

సుడులు ఆ నాలుగింటితోనే ఆగాయి. ఆ అమ్మాయి ఫోన్ చేసిన రోజునే మడవ తీశాను. గింజలు ఇంటికి చేరాయి. కానీ ఇప్పుడు పొద్దున్నే గట్టు మీదికి వెళితే నా కాళ్లు ఆ మడవ దగ్గర ఆగిపోతున్నాయి. దిగువన అతను కనిపిస్తే, "ఉంచనా, మూయనా?" అని అడుగుతున్నాను.

"మీ ఇష్టమండి," అంటాడు.

నా ఇష్టంతో పనేముంది? చేను అతనిది. ఆ మాటే అంటే, "ఆయ్," అని కలుపు తీసుకుంటూ ఉంటాడు. నేను పార భుజాన పెట్టుకుని అక్కడే నిలబడతాను.