గోడలకు జ్వరం చూసే అత్తయ్య

మా అత్తయ్యకు కనిపించిన ప్రతిదానికీ జ్వరం చూసే అలవాటు. నర్సు ఉద్యోగం నుంచి ఆవిడ రిటైరైంది గానీ, ఆవిడ చెయ్యి మాత్రం రిటైరవలేదు. గోడ, బస్టాపు బెంచీ, ఎవరిదో కారు, ఏదైనా సరే, చేతి వెనకవైపుతో తాకి, "పాపం, ఒళ్ళు కాలిపోతోంది" అనేది. ఒకసారి ఆ కారులో యజమాని కూర్చునే ఉన్నాడు. నేను ఎవరో తెలియనట్టు పక్క సందులోకి జారుకున్నాను.

మా వీధి చివరి పార్కు గోడ ఒక్కటే ఆవిడకు నచ్చిన రోగి. "దీనికి జ్వరం లేదే అమ్మాయ్! పైన నీడ. పైగా ఆకులు తేమ వదులుతాయి. మనకు చెమట పట్టి ఒళ్ళు చల్లబడ్డట్టే, వీధి చల్లబడుతుంది."

చిక్కల్లా ఆ పార్కును మధ్యాహ్నం మూసేయడమే. ఊరంతా పెనంలా కాలేవేళ చల్లని చోటికి తాళం! ఆ తాళానికి కాపలాగా గేటు బయట రేకుల గదిలో ఓ వాచ్‌మన్. అత్తయ్య రోజూ నన్ను వెంటబెట్టుకుని, గొడుగేసుకుని వెళ్ళి మరీ అతనితో పోట్లాడేది.

"గేటు తియ్యవయ్యా."

"రూల్ ఒప్పుకోదమ్మా!"

"చెట్లకు తెలుసా నీ రూలు?"

"చెట్లకు తెలియకపోతేనేం, మా సారుకు తెలుసు!"

అంతే, అత్తయ్య హాయిగా ఇంటికొచ్చేది. తగువు పడందే ఈవిడకు తిన్నది అరగదని నేను తీర్మానించేసుకున్నాను.

ఓ రోజు పొద్దున్నే గాలి స్తంభించింది. మధ్యాహ్నానికి వీధిలో కుక్క కూడా లేదు. "ఈ ఒక్కరోజుకీ గొడవ మానెయ్యత్తా" అని బతిమాలాను. వింటేగా!

అత్తయ్య గది రేకును తాకి చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. "గేటు తియ్యవయ్యా."

"అలాగేనమ్మా," అన్నాడు వాచ్‌మన్, కుర్చీలోంచి కదలకుండా.

ఇన్నాళ్ళకు గెలిచిందని నాకు నవ్వొచ్చింది. చూస్తే అత్తయ్య మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"నీ రూలేమైందయ్యా?"

"అలాగేనమ్మా."

గొడుగు పారేసి అతని నుదురు తాకింది. "ఒళ్ళు నిప్పులా ఉంది. అంబులెన్సుకు ఫోన్ చెయ్! తాళంచెవి వెతుకు!"

ఫోన్ చేసి వెతికితే తాళంచెవి అతని జేబులోనే దొరికింది. తీరా అది తాళంలో దూరదే! "కానీవే!" అని అరిచింది అత్తయ్య. ఎట్టకేలకు గేటు తెరిచి, ఇద్దరం అతన్ని చంకల కింద పట్టి లోపలికి ఈడ్చాం. నాలుగడుగులకే ఊరు మారినట్టయింది. చెట్టుకింద పడుకోబెట్టి, చొక్కా విప్పి, మొక్కలకు నీళ్ళు పట్టే గొట్టంతో అతన్ని తడిపింది. నేను చున్నీతో విసురుతూనే ఉన్నాను.

"తిట్టవయ్యా నన్ను! ఒక్కమాట తిట్టు!"

ఉలుకూ పలుకూ లేదు. నాకు ఏడుపొచ్చేసింది. దూరంగా అంబులెన్సు మోత వినిపించేవేళకు అతని పెదాలు కదిలాయి.

"మూసే టైములో... లోపలికెవరు రమ్మన్నారమ్మా?"

"హమ్మయ్య," అని కూలబడింది అత్తయ్య.

ఆ సాయంత్రం అడిగాను, రోజూ ఆ తగువెందుకని.

"ఆ రేకుల గదిలో ఉన్నవాణ్ణి బాగున్నావా అంటే బాగున్నాననే అంటాడు. పోట్లాడితేనే తెలుస్తుంది, తెలివిలో ఉన్నాడో లేదో."

తర్వాత అత్తయ్య పార్కు సారును పిలిపించి, అదే గదిలో మిట్టమధ్యాహ్నం కూర్చోబెట్టి మాట్లాడింది. ఆయన ఎక్కువసేపు వాదించలేకపోయాడు. వాచ్‌మన్ కోలుకుని వచ్చేసరికి అతని కుర్చీ చెట్టుకిందికి చేరింది. గేటు సంగతి మాత్రం పైవాళ్ళను అడగాలట.

మేం వెళ్ళేసరికి లోపలినుంచి తాళం వేసుకుని కూర్చున్నాడు.

"గేటు తియ్యవయ్యా."

"రూల్ ఒప్పుకోదమ్మా!" అని గట్టిగా అరిచాడు, తాళం తీస్తూ.