రిక్రియేషన్ హాల్లో గెలిచిన కప్పు

పటాన్‌చెరులో మా ఫ్యాక్టరీ రిక్రియేషన్ హాలును కూలగొట్టే ముందు దాని చరిత్ర రాసివ్వమని యూనియన్ వాళ్లు నన్ను అడిగారు. ఎవరెవరు ఏ కప్పు గెలిచారో రాస్తే చాలట. నాకు గుర్తున్నది ఒక్క ఆదివారం మధ్యాహ్నమే.

ఆ హాల్లో క్యారమ్ బోర్డు పర్మనెంట్ కార్మికులకే. కాంట్రాక్టు వాళ్లు కిటికీ బయట నిలబడి చూడాల్సిందే. ఈ రూలు ఎక్కడా రాసి లేదు. మేమే పెట్టాం, మేమే కాపలా కాశాం.

ఆ రోజు ఫైనల్. రెడ్ కాయిన్ కొట్టబోయి గురి తప్పాను. కిటికీ బయట కొండాపూర్ నుంచి వచ్చే లోడింగ్ మనిషి ఉన్నాడు, నాకంటే పెద్దవాడు.

"గట్ల కాదు సార్, జెర పక్కకెళ్లి కొట్టాలె" అన్నాడు.

హాలంతా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"నాకు చెప్పనీకి నువ్వెవడివిరా?" అంటూ స్ట్రైకర్‌ను అతని మొహం మీదికి విసిరికొట్టాను. ముందరి పన్ను విరిగింది. అయినా నా కసి తీరలేదు. కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి, కాలర్ పట్టుకుని, అతని తలను ఆ ఊచలకేసే రెండుసార్లు బాదాను. ఎవరూ ఆపలేదు. అతని పక్కన నిలబడ్డ కాంట్రాక్టు వాళ్లు కూడా.

నేను వదిలాక అతను కిందికి వంగి స్ట్రైకర్‌ను వెతికాడు. దానికంటిన నెత్తురును తన చొక్కాకే తుడిచి, ఊచల్లోంచి నాకు అందించాడు.

"ఆడుండ్రి సార్."

ఆడాను. గెలిచాను. యూనియన్ వాళ్లు రాయమంటున్న కప్పుల్లో అదొకటి.