వెర్నా గోడకెక్కిన నల్లగొట్టం

మన్సీ ఊరి చివర మొక్కజొన్న చేలు మొదలయ్యే చోట వెర్నా డిల్ట్స్ షెడ్డు ఉంది. రేసు కార్లకు షాఫ్టులు చేసివ్వడం ఆవిడ పని. షాఫ్టంటే మరేం లేదు, గేరుబాక్సు నుంచి వెనక ఇరుసు దాకా కారు నడుం కింద గిరగిరా తిరిగే గొట్టం. ఇంజను ఎంత గొప్పదైనా దాని బలమంతా ఆ గొట్టం గుండానే చక్రాలకు చేరాలి. అది పుటుక్కుమందా, ఇక అంతే సంగతులు.

అరవై రెండేళ్ల వెర్నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. ఫోనులో చెప్పిన కొలతలు చచ్చినా రాసుకోదు. కారు నాలుగు చక్రాల మీద నేలకు ఆనాలి, నడిపే మనిషి సీట్లో కూర్చోవాలి, అప్పుడే కింద పడుకుని కొలవాలి. కారును లిఫ్టు మీద పైకెత్తి కొలిస్తే వెనక ఇరుసు వేలాడి కొలత ఎక్కువ చూపిస్తుంది. ఆ కొలతతో చేసిన గొట్టం, కారు కిందికి దిగగానే గేరుబాక్సులోకి దిగబడి బిగుసుకుపోతుంది. అలా కొలిచి ఇంకెక్కడో చేయించుకుని, చివరికి తన దగ్గరికొచ్చిన ఘనుల గొట్టాలను వెర్నా గోడకు వేలాడదీసి ఒక్కోదానికీ పేరు రాసిన చీటీ కట్టేది. మెర్ల్ స్టూప్స్ అనే ముసలాయనవే మూడున్నాయి. కొత్తవాళ్లెవరొచ్చినా ముందు ఆ గోడ చూపించి, మెర్ల్ పరువు తీసి, ఆ తర్వాతే బేరంలోకి దిగేది. పాపం మెర్ల్ కూడా అలవాటు పడిపోయాడు.

ఒకప్పుడు వెర్నా కూడా రేసులు నడిపిన మనిషే. ముప్పై ఏళ్ల కిందట ఒక ఆదివారం, పచ్చదీపం వెలిగి కారు ముందుకు దూకగానే నాసిరకం ఇనపగొట్టం విరిగింది. విరిగిన ముక్క కాళ్ల కింది రేకును చీల్చుకుని లోపలికొచ్చి ఎడమ మోకాలిని నుగ్గునుగ్గు చేసింది. ఆ తర్వాత ఆవిడ మళ్లీ రేసు కారు సీట్లో కూర్చోలేదు. కూతురు కోరా తనూ రేసుల్లోకి దిగుతానన్నప్పుడు తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పదో రోజున, ఎలాగూ ఆగదని తెలిసి, రెంచి తీసుకుని వచ్చింది.

ఈ ఏడు కోరా కారుకు పద్నాలుగు వందల హార్స్‌పవర్ ఇంజను పడింది. పాత అల్యూమినియం గొట్టం తేలికే గానీ అంత బలానికి తడిగుడ్డలా మెలిపడిపోతుంది. క్రోమోలీ ఉక్కు గట్టిది, బరువు. కార్బన్ పోగులతో చేసే నల్లగొట్టం తేలిక, పైగా విరిగినా ఈటెలా పొడవదు, చీపురు పుల్లల్లా విడిపోతుంది. వెర్నా మనసు దాని మీదే. దానికున్న తిరకాసల్లా ఒకటే. ఉక్కునైతే కోసి మళ్లీ అతకొచ్చు, కార్బన్ గొట్టం ఒకసారి తయారైతే ఇక అంతే.

"ఉక్కుదే చెయ్యమ్మా, రేపు కొలత తేడా వచ్చినా కోసుకోవచ్చు," అంది కోరా.

"కొలత తేడానా? ఈ షెడ్డులోనా?" అంది వెర్నా, గోడ వైపు చూస్తూ.

కొలత పంపిన ఆరు వారాలకు కంపెనీ నుంచి కార్బన్ గొట్టం వచ్చింది. అది బుధవారం. శనివారం సీజనులో ఆఖరి రేసు. అది గెలిస్తే ఆ ట్రాకు చాంపియన్‌షిప్పు కోరాదే. పంది మాంసం శాండ్‌విచ్చులు పట్టుకుని మెర్ల్ కూడా చూడ్డానికొచ్చాడు. లిఫ్టు మీద ఉన్న కారుకు గొట్టం చక్కగా అమరింది. కారును దించారు. చక్రాలు నేలకు ఆని బరువు పడిందో లేదో, లోపల టక్కుమంది. గొట్టం బిగుసుకుపోయింది. మెర్ల్ నమలడం ఆపేశాడు.

"అమ్మా, దీన్నెలా కొలిచావు?" అని అడిగింది కోరా.

వెర్నా చేతులు తుడుచుకున్న గుడ్డతోనే మళ్లీ తుడుచుకుంది. "నువ్వు ఊళ్లో లేనప్పుడు, లిఫ్టెక్కించి. ఎక్కువ చూపిస్తుందని తెలుసు, అంగుళం తీసేశాను. నీ కారుకి రెండు తియ్యాల్సిందేమో," అంది. ఎడమ మోకాలు రుద్దుకుంటూ, "కింద పడుకుంటే లేవలేకపోతున్నానే. రెండేళ్లయింది," అంది.

రెండేళ్లుగా ఆవిడ కొనేవాళ్లనే కింద పడుకోబెట్టి, పక్కన నిలబడి అజమాయిషీ చేస్తోంది. అందరూ అది పొగరనుకున్నారు. కోరా కూడా అలాగే అనుకుంది. అందుకిప్పుడు ఆ పిల్లకు సిగ్గేసింది.

శనివారం రేసు వద్దని, ఇంకో నల్లగొట్టం వచ్చేదాకా ఆగుదామని వెర్నా తేల్చేసింది. తను చేసిన తప్పుకు కూతురి చాంపియన్‌షిప్పు పోతుందని తెలిసీ, ఉక్కు అనే మాట మాత్రం ఆవిడ నోట రాలేదు. కోరా కారెత్తి, బిగుసుకున్న గొట్టం ఊడదీసి మళ్లీ దించింది. టేపు తీసుకుని, అట్ట పరుచుకుని కారు కింద దూరింది.

"సీట్లో మనిషుండాలి కదా, నీ రూలే. ఎక్కు," అంది కిందనుంచి.

తనెక్కుతానన్నాడు మెర్ల్. "నువ్వు నాకు రెండింతలుంటావు బాబాయ్. నా బరువున్నది అమ్మే," అంది కోరా.

వెర్నా చాలాసేపు తలుపు పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత కుంటికాలు చేత్తో ఎత్తిపెట్టుకుని ఎక్కి కూర్చుంది. భయమేసింది, నిజంగానే వేసింది. చెయ్యి దానంతటదే మోకాలి పక్కకు పోయి అక్కడి మందపాటి ఉక్కురేకును తడిమింది. దాని కింద గొట్టం తిరిగే చోట చుట్టూ రెండు ఉక్కు వలయాలున్నాయి, విరిగినా పైకి లేవకుండా. రేకూ వలయాలూ తను అతికినవే. ఆనాటి కారులో ఇవేవీ లేవు. కోరా కొలత చెప్పింది. మళ్లీ కొలవమంది వెర్నా. నాలుగుసార్లూ ఒకటే వచ్చింది.

"మెర్ల్, ఆ మూలనున్న మందపాటి క్రోమోలీ గొట్టం ఇలా లాగు," అంది వెర్నా.

శనివారం కోరా బెత్తెడు తేడాతో గెలిచింది. సోమవారం పొద్దున వెర్నా వచ్చేసరికి నల్లగొట్టం గోడకు వేలాడుతోంది, మెర్ల్ దస్తూరీతో చీటీ కట్టి ఉంది. అందులో వెర్నా పేరుంది, పక్కనే 'లిఫ్టు మీద' అని ఉంది. ఆవిడ మెర్ల్‌ను నోరారా తిట్టింది గానీ చీటీ మాత్రం విప్పలేదు.

ఏప్రిల్లో మరో కార్బన్ గొట్టానికి కొలిచారు. కోరా కింద, వెర్నా సీట్లో. కొలత అయిపోయింది, ఇక దిగమని కోరా చేతులు దులుపుకుంటూ బయటికొచ్చింది. వెర్నా దిగలేదు, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"ఇందులో స్టార్టు మీట ఏదే?" అని అడిగింది.